‘లిటిల్ విమెన్’ కొనేముందు ఎనిమిదో అధ్యాయం చూడండి

తిరుపతిలో ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లకు కానుకగా ఇద్దామని ‘లిటిల్ విమెన్’ అడిగితే, ఒక్కో షాపులో ఒక్కో మందంలో ఇస్తారు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయిన పుస్తకం, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. బొమ్మలతో ఉన్న పలచటి పుస్తకానికీ, ఐదొందల పేజీల పూర్తి నవలకూ పేరు ఒకటే.

ముందు విషయసూచిక తెరవండి. 47 అధ్యాయాలుంటే పూర్తి నవల. 23తో అయిపోతే సగమే. అట్ట మీద ‘అన్‌అబ్రిడ్జ్‌డ్’ (కుదించనిది) అని ఉన్నా అంతే, మొదటి భాగాన్ని కుదించకుండా వేశారు గనుక అందులో మోసమేం లేదు. లూయిసా మే ఆల్కాట్ రాసిన మొదటి భాగం 1868లో, రెండోది 1869లో వచ్చాయి. ఇంగ్లండులో రెండో భాగాన్ని ‘గుడ్ వైవ్స్’ పేరుతో విడిగా అమ్మేవాళ్లు. నలుగురు అక్కచెల్లెళ్లలో కథలు రాసే జో న్యూయార్క్ వెళ్లేది అందులోనే, కాబట్టి 47 ఉన్నదే తీసుకోండి.

అసలు నష్టం కుదించిన ప్రతులతో. ఎనిమిదో అధ్యాయంలో, నాటకానికి తీసుకెళ్లలేదన్న ఉక్రోషంతో ఎమీ తన అక్క జో రాసుకున్న కథల పుస్తకాన్ని కాల్చేస్తుంది. ఆ కోపంలో జో, నది మధ్యలో మంచు పలచగా ఉందని తెలిసీ చెల్లెలికి చెప్పదు. ఎమీ నీళ్లలో పడుతుంది. చాలా కుదింపులు ఇంతటితో సరిపెడతాయి. పూర్తి నవలలో ఆ రాత్రి ఏడుస్తున్న జోతో తల్లి, తనకూ దాదాపు రోజూ కోపం వస్తుందనీ, నలభై ఏళ్లుగా మానుకోవాలని చూస్తే అణుచుకోవడం మాత్రమే చేతనైందనీ చెబుతుంది. అలాంటప్పుడు నాన్న పెదవి మీద వేలు పెట్టుకునేవాడని జోకు గుర్తొస్తుంది. తప్పు చేసిన పిల్లను తిట్టకుండా తన తప్పును ముందు పెట్టిన ఆ తల్లి మాటలే పుస్తకానికి ప్రాణం. అవి లేని ప్రతిని అక్కడే పెట్టేయండి.

‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ అనే పాత క్రైస్తవ నీతికథ ప్రస్తావనలు అడుగడుగునా వస్తాయి, వివరణలున్న ప్రతి అయితే మేలు. ఏడో అధ్యాయానికి మాత్రం మన తిరుపతి పిల్లలకు వివరణ అక్కర్లేదు: బడికి ఊరేసిన నిమ్మకాయలు దాచుకుని తెచ్చి ఎమీ దెబ్బలు తింటుంది. కొట్టడాన్ని తల్లి ఒప్పుకోదు, బడి మాన్పిస్తుంది. అయినా నియమం తప్పింది నువ్వేనని కూతురికి చెబుతుంది.

చవక ముద్రణల్లో పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ప్రూఫ్ చూడకుండా అచ్చేస్తారు. కొటేషన్ గుర్తులు ఎగిరిపోతాయి. మొదటి పేజీలోనే నలుగురు అక్కచెల్లెళ్లూ వరసగా మాట్లాడతారు గనుక ఎవరి మాట ఏదో తెలియకపోతే లోపల కూడా అంతే. మధ్యలో బాగా విప్పి చూడండి, జిగురు పెళుసుగా ఉంటే వెన్ను దగ్గర అప్పుడే చిట్లుతుంది.