గుంపులో గెలాక్సీ, విడిగా ఉన్న గెలాక్సీ: నక్షత్రాల పుట్టుక ఎక్కడ ఆగుతుంది?

ఏప్రిల్ రాత్రి అనంతపురం దీపాలకు దూరంగా 6 అంగుళాల టెలిస్కోపు పెడితే రెండు రకాలూ దొరుకుతాయి. సప్తర్షుల తోక దగ్గరి ఎం101 గెలాక్సీ చుట్టూ పెద్ద గుంపు లేదు. వాయువు పుష్కలం, అందుకే ఫొటోల్లో దాని చేతులు నీలంగా, కొత్త నక్షత్రాలతో కనిపిస్తాయి.

5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని కన్యారాశి గుంపు సంగతి వేరు. అక్కడి ఖాళీ నిండా కోట్ల డిగ్రీల పలుచని వాయువు. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే గెలాక్సీకి అదే ఎదురుగాలి. కళ్లంలో బుడ్డలు తూర్పారబట్టినట్టే: బరువైన కాయల్లా నక్షత్రాలు నిలుస్తాయి, పొట్టులా వాయువు కొట్టుకుపోతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గురుత్వ పట్టు తక్కువ కాబట్టి ముందు అంచులే ఊడతాయి. ఎన్‌జీసీ 4522 అనే ఈ గుంపులోని గెలాక్సీలో జరిగింది ఇదే. మొదట్లో వాయువు నొక్కుకుని కొన్నాళ్లు నక్షత్రాలు ఎక్కువే పుట్టొచ్చు, దాన్ని చూసి మోసపోకూడదు.

నక్షత్రాల పుట్టుక ఆగే ఇంకో దారి నిదానమైన చావు. వాగు తెగిన చెరువులా కొత్త వాయువు రాదు, ఉన్నది సుమారు 200 కోట్ల ఏళ్లలో అయిపోతుంది.

పోల్చేటప్పుడు ద్రవ్యరాశి సమానంగా ఉన్నవాటినే తీసుకోవాలి. బాగా బరువైనవాటిలో, విడిగా ఉన్నా, నక్షత్రాల పుట్టుక ఆగుతుంది. పరిసరాల దెబ్బ గట్టిగా తగిలేది చిన్నవాటికే.