బీఎండబ్ల్యూ ఆర్1150జీఎస్ షాఫ్ట్ డ్రైవ్: ఏళ్ల తరబడి ఇంట్లోనే విప్పి బిగించాక నా మాట

షాఫ్ట్ బండి, అంటే గొలుసుకి బదులు తిరిగే ఇనుప కడ్డీతో వెనక చక్రాన్ని నడిపే మోటార్‌సైకిల్, కొనేవాళ్లలో చాలామందిది ఒకటే లెక్క: గొలుసు లేదు కాబట్టి పనీ లేదు. నా 2003 ఆర్1150జీఎస్‌ని ఏళ్లుగా నడుపుతూ, దాని షాఫ్ట్‌ని డాలస్ శివార్లలోని మా గరాజ్‌లో నేనే విప్పి బిగిస్తూ వచ్చాను. ఆ లెక్క సగమే నిజం. రోజువారీ పని ఉండదు, ఎప్పుడో ఒకసారి చేయక తప్పని పని ఉంటుంది. అది కంటికి కనపడదు కాబట్టి జనం వదిలేస్తారు. ఆ కాస్త ఓపికా ఉన్నవాళ్లకి మాత్రం దూరప్రయాణాలకి ఇంతకంటే మంచి డ్రైవ్ లేదన్నది నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ నాది గొలుసు బండే. వానాకాలం వస్తే చాలు, తుడవడం, నూనె పట్టించడం, బిగువు చూసుకోవడం. టెక్సస్‌లోని బిగ్ బెండ్ దాకా దుమ్ములో పోయి వచ్చినా ఈ బండి వెనక భాగాన్ని ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ సుఖం తెలిశాక మళ్లీ గొలుసు వైపు మనసు పోలేదు.

ఇక అసలు విషయం. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రం దాకా శక్తిని మోసే ఈ షాఫ్ట్ రెండు ముక్కలు. మధ్యలో ఒకదాంట్లో ఒకటి జారే స్ప్లైన్లు (కడ్డీ పొడవునా కోసిన పళ్లు), రెండు కొసల్లో రెండు యూనివర్సల్ జాయింట్లు (వంపులో కూడా తిప్పుడుని అందించే కీళ్లు). సస్పెన్షన్ కిందికీ పైకీ ఆడినప్పుడల్లా ఆ స్ప్లైన్లు కాస్త లోపలికీ బయటికీ జారుతుంటాయి. గ్రీజు ఎండిపోతే ఇనుము ఇనుముని తింటుంది. విప్పినప్పుడు ఎర్రటి పొడి రాలిందంటే అర్థం అదే. పళ్ల అంచులు కత్తిలా పదునెక్కితే ఇక గ్రీజుతో లాభం లేదు, ముక్క మార్చాల్సిందే. అందుకే వెనక టైరు మార్చే ప్రతి రెండోసారీ నేను షాఫ్ట్ కూడా విప్పి చూస్తాను. చక్రం ఎలాగూ బయటే ఉంటుంది.

విప్పడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చక్రం, బ్రేక్ కాలిపర్, ఏబీఎస్ సెన్సర్, వెనక రియాక్షన్ ఆర్మ్ బోల్టు, రబ్బరు తొడుగు పట్టీలు. కాలిపర్‌ని మాత్రం గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టేయండి. ఫైనల్ డ్రైవ్‌ని (వెనక చక్రం దగ్గరి గేర్ల పెట్టెని) పట్టి ఉంచే పివట్ పిన్నులు లాక్‌టైట్ అనే జిగురు పెట్టి బిగించినవి. చల్లగా ఉన్నప్పుడే పానా వేసి మొండిగా తిప్పితే పిన్ను తల పోతుంది. హీట్ గన్‌తో బాగా వేడెక్కించాకే కదపాలి. ఫైనల్ డ్రైవ్‌ని వెనక్కి లాగే ముందు షాఫ్ట్ రెండు ముక్కల మీదుగా తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తాను. మొత్తం పనిలో అతి ముఖ్యమైన అర నిమిషం అది.

ఎందుకంటే యూనివర్సల్ జాయింట్ వంపులో తిరిగేటప్పుడు ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. రెండో జాయింట్ సరిగ్గా దానికి ఎదురు చేస్తేనే చక్రానికి చేరే తిప్పుడు నున్నగా ఉంటుంది. దీనికి రెండు షరతులు. రెండు చివర్లలో వంపు కోణం సమానంగా ఉండాలి. మధ్య షాఫ్ట్‌కి రెండు వైపులా ఉన్న జాయింట్ల ఫోర్కులు (రెండు కొమ్ముల పట్టులు) ఒకే తలంలో ఉండాలి. మొదటిది పారాలివర్ అనే వెనక సస్పెన్షన్ చూసుకుంటుంది. 1980ల చివర్లో ఆర్100జీఎస్‌తో వచ్చిన ఈ ఏర్పాటు దాదాపు సమాంతర చతుర్భుజంలా పనిచేసి, గేర్‌బాక్స్ షాఫ్ట్‌నీ ఫైనల్ డ్రైవ్‌నీ ఇంచుమించు సమాంతరంగా ఉంచుతుంది. రెండోది బిగించే మనిషి చేతిలో ఉంది. స్ప్లైన్లు ఏ పంటికైనా ఎక్కుతాయి, తప్పుగా ఎక్కినా అడ్డు చెప్పవు. బండి కూడా నడుస్తుంది, కానీ వణుకుతుంది, జాయింట్లు త్వరగా పోతాయి. గీత లేకపోతే రెండు ఫోర్కులనీ కంటితో ఒకే వరసలోకి తెచ్చుకోవాలి.

తిరిగి కూర్చేటప్పుడు బండిని గేర్‌లో పెడతాను, ముందు ముక్క కదలకుండా ఉంటుంది. ఫైనల్ డ్రైవ్‌ని ఎడమ చేత్తో మోస్తూ కుడి చేత్తో హబ్‌ని తిప్పుతూ గీతలు కలపాలి. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి, హబ్ ఒక్క వీసం తిరిగితే షాఫ్ట్ దాదాపు మూడింతలు తిరుగుతుంది. కాబట్టి వెంట్రుకవాసి కదలికలే. పళ్లు కుదరగానే ఆ బరువంతా ఒక్కసారి మెత్తగా ముందుకు జారుతుంది. అలా జారకపోతే సుత్తి పట్టుకోవద్దు. వెనక్కి తీసి మళ్లీ చూడండి.

పేస్ట్ విషయంలో రాజీ వద్దు. మామూలు బేరింగ్ గ్రీజు ఈ వేగానికి చెదిరిపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ బాగా ఎక్కువున్న పేస్టే కావాలి. నేను మొదట వాడింది హోండా మోలీ 60, అది ఆగిపోయాక ఎం-77. కాటుకలా వేళ్లకి అంటుకుందంటే రెండు రోజులు వదలదు. స్ప్లైన్ల మీదా అలాగే నిలుస్తుంది, తర్వాతిసారి విప్పినప్పుడు ఇంకా నల్లగా తడిగానే కనిపిస్తుంది. పలచగా బ్రష్‌తో రాస్తే చాలు.

పివట్ పిన్నుల దగ్గర టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) లేకుండా పని మొదలుపెట్టకండి. ఒక పక్క పిన్ను 160 న్యూటన్ మీటర్లు. రెండో పక్కది ఏడంటే ఏడు, బేరింగ్ మీద పడే ఒత్తిడి దాంతోనే కుదురుతుంది. దాని మీది లాక్ నట్టు మళ్లీ 160. నట్టు బిగిస్తున్నప్పుడు లోపలి పిన్ను తిరగకుండా పట్టుకోవాలి, లేకపోతే ఆ ఏడుకి అర్థం ఉండదు. చక్రం బోల్టులు 105.

లోపాలూ ఉన్నాయి. వెనక భాగం బరువు, గతుకుల్లో తెలుస్తుంది. భాగాలు ఖరీదు. తొడుగు చిరిగిందంటే నీళ్లు లోపలికి పోయి స్ప్లైన్లని తినేస్తాయి కాబట్టి బండి కడిగిన ప్రతిసారీ దాని ముడతలు వేలితో తడిమి చూస్తాను. క్లచ్ వైపు స్ప్లైన్లకి గ్రీజు పెట్టాలంటే గేర్‌బాక్సే దింపాలి, అది ఇంకో స్థాయి పని.

పాత 1150 కొనాలనుకుంటే బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టించి, వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడ అన్నదంటే అది బేరింగో పివటో తేల్చుకోవాలి. తర్వాత ఫైనల్ డ్రైవ్ ఆయిల్ కాస్త తీసి చూపించమని అడగండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద బూడిదలాంటి మెత్తటి పొడి ఉంటే బేరం ఆడొచ్చు, పెచ్చులు కనిపిస్తే వదిలేసి రండి.