కొత్త టాపిక్ చెప్పాలంటే కొత్త ఎలక్టివ్ పెట్టాలా, స్పెషల్ టాపిక్స్ కింద నడపాలా? ఏది మేలు?

మా డిపార్ట్‌మెంట్‌లో ఏటా ఇదే చర్చ. ఒక సారో మేడమో కొత్త విషయం మీద పని చేసి ఉంటారు, దాన్ని మూడు క్రెడిట్ల ఎలక్టివ్‌గా పిల్లలకి చెప్పాలనుకుంటారు, అప్పుడు ముందు రెండు దారులుంటాయి. ఒకటి ఆ విషయం పేరుతోనే కొత్త కోర్సు, కొత్త కోడ్, ఐదు యూనిట్ల సిలబస్, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో (సిలబస్‌లు చూసి ఓకే చేసే కమిటీ) పాసయ్యాక దానిపైన అకడమిక్ కౌన్సిల్ ఆమోదం. రెండోది 'స్పెషల్ టాపిక్స్' అని ఒక కోర్సుని ఒకేసారి పాస్ చేయించి పెట్టుకుని, కోడ్ అదే ఉంచి లోపల టాపిక్ మాత్రం సెమిస్టర్‌కి ఒకటి మార్చుకోవడం. నేను పనిచేసేది అటానమస్ కాలేజీలో, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే కాలేజీలో, కాబట్టి ఆ లెక్కలోనే చెప్తున్నా. అఫిలియేటెడ్ కాలేజీలకి ఈ చాయిస్ లేదు, యూనివర్సిటీ సిలబస్, యూనివర్సిటీ క్వశ్చన్ పేపర్, అందరికీ ఒకటే.

మొదటి దారిలో అసలు సమస్య టైమ్. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 (2018 నాటి రూల్స్, సిలబస్) తర్వాత ఆర్22 తెచ్చింది, మధ్యలో నాలుగేళ్లు, అటానమస్ కాలేజీలు కూడా దాదాపు ఇదే నడకలో పోతాయి. ఆర్22 మొదటి బ్యాచ్ ఇంకా ఫస్టియర్‌లో ఉండగానే 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ బయటికొచ్చింది, ఫైనల్ ఇయర్ పిల్లలు వచ్చి లాంగ్వేజ్ మోడల్స్ మీద కోర్సు పెట్టండి సార్ అని అడగడం మొదలుపెట్టారు. అప్పుడు పనిచేస్తున్న చోట నేను పేరున్న ఎలక్టివ్‌కే ప్రపోజల్ రాశా. బయటి నుంచి వచ్చిన ఎక్స్‌పర్ట్ ప్రిస్క్రైబ్డ్ టెక్స్ట్‌బుక్ ఏది అని అడిగారు, అప్పటికి చెప్పుకోదగ్గ పుస్తకమే లేదు, పేపర్లే ఉన్నాయి, నెక్స్ట్ మీటింగ్‌కి సరిచేసి తెమ్మన్నారు. ఆ మీటింగ్ అయ్యి, కౌన్సిల్ కూడా అయ్యి, ఏ బ్యాచ్ నుంచి అమలు అనేది తేలేసరికి అడిగిన పిల్లలు పాసై వెళ్లిపోయారు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అలాగని బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఊరికే అడ్డం పడుతుందని అనను. అదే ఎక్స్‌పర్ట్ నా నాలుగో యూనిట్ చూసి ఇది పన్నెండు గంటల్లో అవ్వదు, సగం తీసెయ్యి అన్నారు, ఆయన చెప్పిందే కరెక్ట్. బయటి సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్, యూనివర్సిటీ నామినీ, ఇండస్ట్రీ మనిషి, పాత విద్యార్థి కూర్చుని చూసిన సిలబస్‌కి ఒక గట్టిదనం ఉంటుంది, చెప్పే సార్ కాలేజీ మారినా ఇంకొకరు దాన్ని పట్టుకుని చెప్పగలరు.

ఇక స్పెషల్ టాపిక్స్. దీన్ని బాగా వాడుకున్నోళ్లని చూడాలంటే అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీని చూడాలి. అక్కడ డీప్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ కోర్సు ముందు సీఎస్ 294-112 అనే నంబర్‌తో నడిచింది, 294 అంటే వాళ్ల దగ్గర స్పెషల్ టాపిక్స్ నంబర్, కొన్నేళ్లు అలా చెప్పి చెప్పి 2019లో సీఎస్ 285 అని సొంత నంబర్ ఇచ్చారు. ఎంఐటీలో నంబర్ మధ్యలో ఎస్ అక్షరం ఉంటే స్పెషల్ సబ్జెక్ట్ అని గుర్తు, ఆన్‌లైన్‌లో మన పిల్లలు చాలామంది చూసే డీప్ లెర్నింగ్ కోర్సు 6.ఎస్191 అలాంటిదే. అంటే ముందు నడిపి చూడటం, నిలబడితే అప్పుడు పర్మనెంట్ చేయడం. మనం పర్మనెంట్ చేశాకే నడుపుతాం, తేడా అక్కడే. ఇది కంప్యూటర్స్‌కి మాత్రమే అనుకోవద్దు, ఎం.ఏ తెలుగులో 'ప్రత్యేక అధ్యయనం' అని ఒక పేపర్ ఉంచుకుంటే ఒక ఏడాది తిక్కన, ఇంకో ఏడాది జాషువా చెప్పుకోవచ్చు, ప్రతిసారీ కౌన్సిల్ దాకా పోనక్కర్లేదు.

కానీ మన దగ్గర ఇది దెబ్బతినేది ఎగ్జామ్ బ్రాంచ్‌లో, దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. మెమోలో 'స్పెషల్ టాపిక్స్' అని మాత్రమే ప్రింట్ అయితే పిల్లాడు ఏం చదివాడో ఎవరికీ తెలీదు, ఎంఎస్‌కి అప్లై చేసేటప్పుడు అక్కడి వాళ్లకి సిలబస్ కాపీ పంపుకుంటూ కూర్చోవాలి. ఇంకా పెద్ద చిక్కు సప్లీ. ఈ సెమ్‌లో టాపిక్ క్వాంటమ్ కంప్యూటింగ్, ఒకమ్మాయికి సబ్జెక్ట్ పోయింది, నెక్స్ట్ ఇయర్ అదే కోడ్ కింద బ్లాక్‌చైన్ నడుస్తుంది, ఇప్పుడా అమ్మాయి ఏ పేపర్ రాయాలి? తను చదివిందే రాయాలి, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఒక కోడ్‌కి ఒకటే సిలబస్ ఉంటే పేపర్ సెట్ చేసే ఎక్స్‌టర్నల్‌కి తప్పు సిలబస్ వెళ్లే ప్రమాదం ఉంది. అలాగే రెండు వేర్వేరు టాపిక్‌లు రెండు సెమిస్టర్లలో తీసుకుంటానంటే ఇంతకుముందే పాసైన కోడ్ అని రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. కోడ్ చివర ఎ, బి, సి అని ఒక అక్షరం తగిలించి, మెమోలో 'స్పెషల్ టాపిక్స్:' తర్వాత అసలు టాపిక్ పేరు వచ్చేలా చేస్తే ఈ మూడూ తీరతాయి, కాకపోతే అది మొదటిసారి పాస్ చేయించేటప్పుడే రూల్స్‌లో రాయించుకోవాలి.

స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సులతో సరిపెట్టొచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు, అలా ఆన్‌లైన్‌లో తెచ్చుకోగల క్రెడిట్ల పరిమితిని యూజీసీ 2021లో 40 శాతానికి పెంచింది కూడా. వీడియో లెక్చర్లు మంచివే, కానీ మన డిపార్ట్‌మెంట్‌లో ఆ పని చేస్తున్న మనిషి ఎదురుగా ఉంటే ఆ మనిషి దగ్గర చదివే అవకాశం పిల్లలకి ఎందుకు పోవాలి? ఐఐటీ హైదరాబాద్‌లోలాగా అర క్రెడిట్, ఒక క్రెడిట్ చిన్న కోర్సులు పెట్టుకోవడం నాకు చాలా ఇష్టం, మన టైమ్‌టేబుల్స్‌లో మాత్రం అది ఇప్పట్లో కష్టం.

నా ఓటు స్పెషల్ టాపిక్స్‌కే, మొదటి రెండుసార్లకి. మూడోసారి అదే టాపిక్ అడిగితే పేరున్న ఎలక్టివ్‌గా రావాల్సిందే అని పరిమితి పెట్టాలి, లేకపోతే రివ్యూ తప్పించుకునే దొడ్డిదారి అయిపోతుంది. టాపిక్‌ని ఓకే చేసేది కూడా హెచ్‌ఓడీ ఒక్కరే అయితే నేను ఒప్పుకోను. రిజిస్ట్రేషన్‌కి కనీసం నెల ముందు రెండు పేజీల ప్రపోజల్ ఇవ్వాలి, అందులో వారం వారం ప్లాన్, చదవాల్సిన పేపర్లు, ఇంటర్నల్స్ ఎలా పెడతారు, ముందు ఏ సబ్జెక్ట్ వచ్చుండాలి, ఇప్పటికే ఉన్న ఏ కోర్సుతో ఎంత కలుస్తుంది అనేవి ఉండాలి. కలవడం గురించి ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే మెషిన్ లెర్నింగ్ సిలబస్‌కే కొత్త పేరు పెట్టి తెచ్చిన ప్రపోజల్స్ నేను చూశా. దాన్ని డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురు చదవాలి, బయటి ఎక్స్‌పర్ట్ ఒకరికి మెయిల్‌లో పంపి పది రోజుల్లో అభిప్రాయం తీసుకోవాలి, బోర్డ్ ఛైర్మన్ సంతకంతో మొదలుపెట్టి తర్వాతి మీటింగ్‌లో రాటిఫై చేయించుకోవాలి.

వచ్చే సెమ్‌కి నేను ఇలాగే ఒకటి పెడుతున్నా, తెలుగు టెక్స్ట్‌తో లాంగ్వేజ్ మోడల్స్ ఎలా పనిచేస్తాయనేది టాపిక్. ప్రపోజల్ కంటే ముందు ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లి కోడ్ చివర అక్షరం సంగతి మాట్లాడి వచ్చా.