పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీ: ఏయూ క్యాంపసా, ఇగ్నోనా, అమెరికా ఎంపీఏనా? మన సిక్కోలు పిల్లలకి ఏది మేలు

డిగ్రీ రిజల్ట్స్ వచ్చే టైముకి మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు అడిగేది ఒకటే, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేద్దామనుకుంటున్నాం, వైజాగ్ వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో రెగ్యులర్‌గా చేయాలా, ఇంటి దగ్గరే ఉండి ఇగ్నో, అంటే ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీ దూరవిద్య కట్టేయాలా, లేదంటే అమెరికాలో ఉన్న బావ ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) చేయమంటున్నాడు లోన్ పెట్టి వెళ్ళిపోవాలా అని. ముందే నా మాట చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తాను. ఇంట్లో సంపాదన భారం మీ మీద లేకపోతే, డిగ్రీ ఇప్పుడే అయిపోయుంటే, ఏయూ. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే ఇగ్నో, ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. అమెరికా మాత్రం ఫీజు మాఫీయో, అసిస్టెంట్‌షిప్పో (యూనివర్సిటీలోనే పని ఇచ్చి డబ్బు ఇవ్వడం) కాగితం మీద చేతికొచ్చాకే.

అసలు ముందు ఒకటి తేల్చుకోవాలి. సివిల్స్‌కి గానీ, ఏపీపీఎస్సీ గ్రూప్ 1, గ్రూప్ 2కి గానీ పీజీ అక్కర్లేదు, డిగ్రీ చాలు. సివిల్స్ మెయిన్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్ 500 మార్కులు, దానిక్కూడా పీజీ ఉండాలని రూలేం లేదు, ఇంజినీరింగ్ చేసినవాళ్ళు తీసుకుని రాస్తున్నారు. కాబట్టి "గ్రూప్స్‌కి పనికొస్తాది కదా" అని ఒక్క కారణంతో రెండేళ్ళు పెట్టకండి, ఆ రెండేళ్ళు సిలబస్ మీద కూర్చుంటే అంతకంటే ఎక్కువ పనికొస్తాది. పీజీ చేయాలంటే ఈ సబ్జెక్టు మీకు కావాలి, అంటే ఎమ్మార్వో ఆఫీసులో ఒక ఫైలు ఎందుకు ముందుకెళ్తాది ఎందుకు ఆగుతాది, పంచాయతీకొచ్చిన డబ్బు ఎవరి సంతకంతో ఖర్చవుతాది, జిల్లా విడగొడితే మామూలు మనిషికి ఏం మారుతాది, ఇలాంటివి తెలుసుకోవాలని ఉండాలి. అది ఉన్నోళ్ళకే ఈ పోలిక.

ఏయూ సంగతి చూద్దాం. 1926లో పెట్టిన యూనివర్సిటీ, అక్కడ పాలిటిక్స్ అండ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ ఉంది, సీటు ఏపీ పీజీసెట్ రాసి తెచ్చుకోవాలి. శ్రీకాకుళం నుంచి సుమారు 110 కిలోమీటర్లు, విజయనగరం వాళ్ళకైతే 60, రోజూ రైలెక్కి వచ్చేస్తాం అంటారు విజయనగరం పిల్లలు, వద్దనే చెప్తాను, ఎందుకంటే ఏయూలో మీకు దొరికే అసలు విషయం క్లాసు కాదు, క్లాసు అయ్యాక లైబ్రరీ, సాయంత్రం హాస్టల్ దగ్గర మాటలు, ఇచ్ఛాపురం పిల్లాడు, పాడేరు పిల్ల, కాకినాడ కుర్రాడు ఒకే టాపిక్ మీద మూడు రకాలుగా వాదించుకోవడం. రోజూ అప్ అండ్ డౌన్ చేస్తే అదంతా పోయి అటెండెన్స్ ఒక్కటే మిగుల్తాది.

ఇంకోటి ఏటంటే ఈ సబ్జెక్టులో థియరీ ఒంటరిగా చదివితే బుర్రకెక్కదు. ఫ్రెడ్ రిగ్స్ అని ఒకాయన ఉన్నాడు, మనలాంటి దేశాల ఆఫీసులు ఎలా నడుస్తాయో చెప్తూ ప్రిస్మాటిక్ సొసైటీ (సగం పాత, సగం కొత్త పద్ధతుల్లో ఉన్న సమాజం), సాలా మోడల్ (అలాంటి సమాజంలో ఆఫీసు నడిచే తీరు) అని పెట్టాడు, అందులో ఫార్మలిజం అని ఒక ముక్క ఉంది, రూలు పుస్తకంలో ఒకటి ఉంటాది, నడిచేది ఇంకొకటి. పుస్తకంలో చదివితే నాలుగు పాయింట్లు బట్టీ పట్టి పరీక్షలో కక్కేస్తాం. అదే క్లాసులో మాస్టారు "మీ ఊళ్ళో సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో ఇస్తామని బోర్డు మీద రాశారు, మీకు ఎన్ని రోజులు పట్టింది, ఆ మధ్యలో ఎవర్ని కలవాల్సి వచ్చింది" అని అడిగితే నలభై మందీ నలభై అనుభవాలు చెప్తారు, అప్పుడు రిగ్స్ ఎందుకు ఆ మాట అన్నాడో అర్థమవుతాది. మాక్స్ వెబర్ బ్యూరోక్రసీ అయినా అంతే, పాలనని ఒక శాస్త్రంగా చదవాలని 1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసం అయినా అంతే. వాదించే మనిషి ఎదురుగా ఉండాలి.

ప్రాజెక్ట్ వర్కో డిసర్టేషనో రాయాల్సి వస్తే మన జిల్లాలంత సరుకు ఇంకెక్కడుంది చెప్పండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, రాజాం వైపు మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్ళాయి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది, 38 మండలాల శ్రీకాకుళం 30 అయ్యింది. కలెక్టరేట్ మారిన ఊరికి వెళ్ళి జనాల్ని అడగండి, బస్సు ఛార్జీ పెరిగిందా తగ్గిందా, అర్జీ కాగితం పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలిసిందా అని, అదే ఒక మంచి రిపోర్ట్. వంశధార ఉంది, గొట్టా బ్యారేజీ దగ్గర్నుంచి నేరడి దాకా ఒడిశాతో గొడవ, ట్రిబ్యునల్ 2017లో తీర్పిచ్చింది, హిరమండలం రిజర్వాయర్ కోసం ఊళ్ళు ఖాళీ చేసిన జనాల పునరావాసం ఇంకో పెద్ద కథ. ఉద్దానం కిడ్నీ జబ్బు ఉంది, నీళ్ళ పథకం ఒక డిపార్ట్‌మెంటు, డయాలసిస్ ఇంకో డిపార్ట్‌మెంటు, పెన్షన్ మరోటి, ఈ మూడూ ఒకే ఇంటి గుమ్మం ముందు ఎలా కలుస్తాయి అనేది ఏ దేశంలోనైనా పీజీ విద్యార్థి పని చేయదగ్గ ప్రశ్న. ఈ పనికి గైడ్ కావాలి, టైము కావాలి, రెండూ క్యాంపస్‌లోనే దొరుకుతాయి.

అయితే ఏయూలో చేరి కోచింగ్ సెంటర్లో కూర్చుని క్లాసులకి పోని పిల్లలు కూడా బోలెడు మంది, వాళ్ళకి మాత్రం ఇగ్నోయే నయం, కనీసం హాస్టల్ సీటు అవసరమున్న ఇంకో పిల్లకి దొరుకుతాది.

ఇప్పుడు ఇగ్నో. ఇది చిన్నచూపు చూసే కోర్సు కాదు, చాలామందికి తెలీక "దూరవిద్య కదా" అంటారు. యూజీసీ 2022 సెప్టెంబరులోనే చెప్పేసింది, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో వచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే అని. ఇగ్నోలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏనే ఎంపీఏ అంటారు, దానికి ఏ డిగ్రీ అయినా చాలు, వయసు పరిమితి లేదు, జనవరి, జూలై రెండు సార్లు అడ్మిషన్లు, తక్కువలో తక్కువ రెండేళ్ళు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్ళు, పరీక్షలు జూన్, డిసెంబరు. మన వైపు రీజనల్ సెంటర్ వైజాగ్. పుస్తకాలన్నీ ఇగ్నో వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో ఫ్రీగా ఉన్నాయి, చేరకముందే డౌన్‌లోడ్ చేసి ఒక బ్లాక్ (పుస్తకంలో ఒక భాగం) చదివి చూడండి, నచ్చకపోతే డబ్బు మిగిలినట్టే.

సబ్జెక్టులు చూస్తే అడ్మినిస్ట్రేటివ్ థియరీ, హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, పబ్లిక్ పాలసీ, డీసెంట్రలైజేషన్ అండ్ లోకల్ గవర్నెన్స్, ఈ గవర్నెన్స్, డిజాస్టర్ మేనేజ్‌మెంట్, ఇలా ఉంటాయి. గ్రామ సచివాలయంలో పనిచేసే పంచాయతీ సెక్రటరీ, వెల్ఫేర్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్ వీళ్ళకి ఇది చదువులా ఉండదు, పొద్దున్న చేసిన పనినే రాత్రి పుస్తకంలో చూసినట్టు ఉంటాది. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి కదా, ఇగ్నో లోకల్ గవర్నెన్స్ పేపర్లో పంచాయతీ రాజ్ పెట్టమన్న బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957, పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993లో అమల్లోకి రావడం చదివి, ఎన్నికైన సర్పంచ్‌కీ సచివాలయ సిబ్బందికీ మధ్య అధికారం ఎక్కడ ఎవరిది అని ఆలోచిస్తే క్యాంపస్ పిల్లల కంటే మీరే బాగా రాయగలరు, ఎందుకంటే ఆ మధ్యలో నిలబడి తిట్లు తినేది మీరు.

డిజాస్టర్ పేపరైతే ఇంక చెప్పక్కర్లేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పుస్తకంలో ముందస్తు హెచ్చరిక, సహాయం, పునర్నిర్మాణం అని మూడు దశలు రాసుంటాయి, మన దగ్గర ఆ మూడిటికీ మధ్యలో పడిపోయిన చెట్లు లెక్కపెట్టడం అని ఒకటి ఉంది, చెట్టు ఎవరి పేరు మీద, కౌలు రైతుకి ఇస్తారా పట్టాదారుకి ఇస్తారా, మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఆ ఇల్లు ఏం తినాలి. ఇది తెలిసినవాళ్ళు ఆ పేపర్ రాస్తే అది వేరేలా ఉంటాది.

ఇగ్నోతో మూడు కష్టాలు ఉన్నాయి, అవి దాచకూడదు. మొదటిది మీడియం, ఎంపీఏ ఇంగ్లీషు, హిందీల్లోనే, తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన పిల్లలకి మొదటి ఆరు నెలలు చాలా బరువు. దానికి ఒక దారి ఉంది, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, తెలుగు అకాడమీ పుస్తకాల్లో అదే టాపిక్ తెలుగులో ముందు చదివి, తర్వాత ఇంగ్లీషు బ్లాక్ పట్టుకుంటే సగం బరువు తగ్గుతాది. రెండోది అసైన్‌మెంట్లు. వాటికి 30 శాతం వెయిటేజీ, పరీక్షకి 70. రెడీమేడ్‌గా అమ్మేవి కొని కాపీ కొట్టేస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి, గైడెన్స్ లేని కోర్సులో మీ చేత రాయించే ఒకే ఒక్క ఏర్పాటు అది, దాన్నీ కొనేస్తే పరీక్ష హాల్లో పేజీ నిండదు. మూడోది మార్కులు. పాస్ అవడానికి 40 చాలు, కానీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలంటే పీజీలో 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, వికలాంగులకి 50. పాసైపోతే చాలనుకుని 52తో బయటపడి, రెండేళ్ళ తర్వాత లెక్చరర్ అవ్వాలని బుద్ధి పుట్టి ఏడ్చేవాళ్ళు ఉంటారు. నెట్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కి వేరే పేపరే ఉంది, అందులో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేయడానికి డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, మన ఇళ్ళల్లో అది చిన్న మాట కాదు. టీచింగ్, పీహెచ్‌డీ వైపు మనసుంటే ఏయూకి నా ఓటు అందుకే, అక్కడ గైడ్ కళ్ళ ముందుంటాడు.

ప్రభుత్వ ఉద్యోగులకి ఇంకో మాట. ఎంఏ చేస్తే ప్రమోషన్ వచ్చేస్తాదని ఎవరో చెప్తే నమ్మకండి, మన దగ్గర ప్రమోషన్‌కి, ప్రొబేషన్‌కి అడిగేది డిపార్ట్‌మెంటల్ టెస్టులు. ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్) టెస్ట్ పేపర్ కోడ్ 141, జీఓ (గెజిటెడ్ ఆఫీసర్స్) టెస్ట్ కోడ్‌లు 88, 97, వీటిలో మీ పోస్టుకి ఏవి కావాలో చూసుకుని అవి ముందు పాసైపోండి, తర్వాత ఆఫీసులో పర్మిషన్ కాగితం తీసుకుని ఇగ్నో కట్టండి. టెస్టులు పెండింగ్ పెట్టుకుని ఎంఏ చదవడం ముందు చేయాల్సింది వెనక్కి నెట్టడమే.

ఇక అమెరికా. అక్కడ ఎంపీఏ అంటే మన ఎంఏ లాంటిది కాదు, ఎంబీఏకి అన్నదమ్ముల లాంటి ప్రొఫెషనల్ డిగ్రీ. బడ్జెట్, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఎక్కువ, థియరీ తక్కువ, చాలా చోట్ల చివర్లో క్యాప్‌స్టోన్ అని నలుగురైదుగురు పిల్లల్ని కలిపి ఒక నిజమైన మునిసిపాలిటీకో, స్వచ్ఛంద సంస్థకో పని చేయిస్తారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతాది, మన యూనివర్సిటీలు కూడా ఆమదాలవలస మునిసిపాలిటీ చెత్త సేకరణ మీదో, నరసన్నపేట తాగునీటి మీదో పిల్లల చేత ఇలా చేయించాలి. ఆ దేశానికీ మనకీ పాత సంబంధం కూడా ఉంది, సిరక్యూస్ యూనివర్సిటీ మాక్స్‌వెల్ స్కూల్ 1924లో మొదలైంది, దాని డీన్ పాల్ ఆపిల్‌బీ మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి 1953లో రిపోర్ట్ ఇచ్చాడు, దాని ఫలితంగానే 1954లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది.

చదువు మంచిదే, లెక్కే కుదరదు. ఎంపీఏ చేసినవాళ్ళకి ఉద్యోగాలిచ్చేది ఎక్కువగా అక్కడి ప్రభుత్వాలు, ఫెడరల్ ఉద్యోగాలకి మామూలుగా వాళ్ళ పౌరసత్వం కావాలి. ఎంఎస్ కంప్యూటర్స్ చేసిన పిల్లాడికి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే పర్మిషన్) స్టెమ్ అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సులకిచ్చే ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 36 నెలలు, ఎంపీఏ మామూలుగా స్టెమ్ లిస్టులో ఉండదు కాబట్టి 12 నెలలే, ఆ పన్నెండు నెలల్లో లోన్ ఎలా తీరుస్తారు? పొలం తాకట్టు పెట్టి మరీ ఈ కోర్సుకి పంపమని నేను ఏ తండ్రికీ చెప్పలేను. నాలుగైదేళ్ళు ఇక్కడ ఎన్‌జీవోలోనో ప్రభుత్వంలోనో పని చేసి, ఆ అనుభవంతో అసిస్టెంట్‌షిప్ తెచ్చుకుని వెళ్తే మాత్రం చక్కగా వెళ్ళండి, తిరిగొచ్చినా ఇక్కడ ఆ అనుభవం నిలబడుతుంది. అప్లై చేసేటప్పుడు ఆ ప్రోగ్రామ్‌కి నాస్పా (ఇలాంటి కోర్సులకి గుర్తింపిచ్చే సంస్థ) అక్రిడిటేషన్ ఉందో లేదో చూడండి, కన్సల్టెన్సీ వాళ్ళు ఆ మాటే ఎత్తరు.

ఎచ్చెర్లలో మన అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది కదా అంటారు. వైజాగ్ పంపడం ఇంట్లో కుదరని ఆడపిల్లలు అక్కడ ఎకనామిక్స్ చేసి, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఇగ్నో నుంచి పక్కన చదువుకోవచ్చు, రెండు డిగ్రీలు ఒకేసారి చేయడానికి యూజీసీ 2022 నుంచి ఒప్పుకుంటుంది, ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య. బరువే, కానీ ఎకనామిక్స్ తెలిసిన మనిషి బడ్జెట్ చాప్టర్ చదివితే అది వేరే లెవెల్.

ఇగ్నో కట్టేవాళ్ళు అడ్మిషన్ చివరి వారం దాకా ఆగకండి. ఇప్పుడు డెబ్ ఐడీ (దూరవిద్య విద్యార్థులకి యూజీసీ ఇచ్చే నంబరు) ఉంటేనే ఫారం తీసుకుంటున్నారు, దానికి ముందు ఏబీసీ ఐడీ (మీ చదువు క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా నంబరు) కావాలి, అది ఆధార్‌తో లింకు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంతో, టెన్త్ సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉన్నవాళ్ళు మన వైపు చాలామంది, అలాంటివాళ్ళు ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్ళి అది సరిచేయించుకుని, తర్వాత ఏబీసీ, ఆ తర్వాత డెబ్ ఐడీ, అప్పుడు ఫారం.