కీళ్లవాతంతో మెడపూసలు జారినప్పుడు కాలర్ మేలా, ఆపరేషన్ మేలా?

"బెల్టు పెట్టుకుంటే సరిపోదా సార్, మెడకు కూడా ఆపరేషనేనా?" రుమటాయిడ్ కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారు, వారిని వెంటబెట్టుకుని నర్సంపేట, ములుగు, పరకాల వైపుల నుంచి హనుమకొండకు వచ్చే కొడుకులు, కూతుళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. పై రెండు మెడపూసల మధ్య జారుడు ఉందని రిపోర్టు చేతికి వచ్చాక ఆ ప్రశ్న రావడం సహజమే.

మెడకు పెట్టే బెల్టుతో, అంటే కాలర్‌తో మొదలుపెడతాను. రెండో పూస నుంచి పైకి పొడుచుకొచ్చిన మొనను వెనక నుంచి పట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంటు వాపు వల్ల సడలిపోయాక, తల వంచినప్పుడల్లా మొదటి పూస ముందుకు జారుతుంది. గట్టి కాలర్ తల ఊపును తగ్గిస్తుంది కాబట్టి మెడ వెనక నుంచి నడినెత్తి దాకా పాకే నొప్పి కొంత ఉపశమిస్తుంది, బస్సు కుదుపులకు తల ఒక్కసారిగా ముందుకు పడకుండానూ కాపాడుతుంది. అయితే మెడ లోపల ఆ రెండు పూసల మధ్య జరిగే జారుడును అది పూర్తిగా ఆపలేదు, సడలిన లిగమెంటును తిరిగి బిగించనూ లేదు. మెత్తటి స్పంజి కాలర్ అయితే మెడ జాగ్రత్త అని గుర్తు చేయడానికి తప్ప పెద్దగా పనికిరాదు. ఓరుగల్లు ఎండాకాలంలో గట్టి కాలర్‌ను రోజంతా భరించడం కష్టం. గడ్డం కింద చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది, దవడ కీలుకు కూడా వాతం ఉన్నవారికి అన్నం నమలడమే ఇబ్బంది అవుతుంది, నెలల తరబడి వాడితే మెడ కండరాలు బలహీనపడతాయి.

ఆపరేషన్‌లో రెండు పూసలనూ స్క్రూలతో, కడ్డీలతో బిగించి, ఎముక ముక్క పెట్టి అవి ఒకటిగా అతుక్కునేలా చేస్తారు. ఈ పద్ధతికి బాట వేసినవారిలో ముంబైకి చెందిన న్యూరోసర్జన్ అతుల్ గోయల్ ఒకరు; మొదటి పూస పక్కభాగంలోనూ రెండో పూసలోనూ స్క్రూలు వేసే తన విధానాన్ని ఆయన 1994లో ప్రచురించారు. జారుడు నిలిచిపోవడం దీని లాభం. నష్టాలు కూడా చిన్నవి కావు. తలను పక్కలకు తిప్పే కదలికలో దాదాపు సగం ఈ రెండు పూసల మధ్యే జరుగుతుంది కనుక, తర్వాత రోడ్డు దాటేటప్పుడు భుజాలతో సహా తిరిగి చూడవలసి వస్తుంది. స్క్రూలు వేసే చోటికి ఆనుకునే మెదడుకు వెళ్లే రక్తనాళం ఉంటుంది కాబట్టి దాని దారిని సీటీ స్కాన్‌లో ముందే చూసుకోవాలి. స్టెరాయిడ్ల వల్ల గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు తగ్గవచ్చు, గాయం ఆలస్యంగా మానవచ్చు.

ఇంతవరకు చూస్తే రెండూ సమఉజ్జీలే అనిపిస్తుంది. నా దృష్టిలో తేల్చవలసింది నొప్పి ఎంత ఉందన్నది కాదు, వెన్నుపాముకు చోటు ఎంత మిగిలిందన్నది. పెద్దవారిలో మొదటి పూస ముందు వంపుకూ మొనకూ మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు దాటితే జారుడు ఉన్నట్టు లెక్క. అంతకంటే ముఖ్యమైనది మొన వెనక మిగిలే ఖాళీ. అది 14 మిల్లీమీటర్ల కంటే తగ్గిందంటే, నొప్పి లేకపోయినా, నేను సర్జన్ దగ్గరకు పంపుతాను. పడుకోబెట్టి తీసిన చిత్రంలో పూస తిరిగి తన చోటికి వచ్చి అంతా బాగున్నట్టు కనిపించవచ్చు. అందుకే మెడ వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్-రేలు తీయించాలి. రోగి తనంతట తాను వంచగలిగినంతే వంచాలి గాని, ఇంకెవరూ తలను నొక్కకూడదు. వాపు వల్ల పెరిగిన కండ ఆ ఖాళీలో ఎంత ఆక్రమించిందో, వెన్నుపాము నలుగుతోందో లేదో ఎంఆర్ఐ చెబుతుంది.

చిక్కేమిటంటే, వెన్నుపాము నలగడాన్ని కీళ్లవాతమే కప్పిపెడుతుంది. చేతివేళ్లు ముందే వంకరపోయినవారికి పట్టు తగ్గితే ఇంట్లోవారు వాతం ముదిరిందనే అనుకుంటారు. ఈమధ్య ఒకామె మెడనొప్పి లేదనే చెప్పింది. కానీ జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి కోడలు కావాల్సి వస్తోందని, కాలి చెప్పు వాకిట్లోనే జారిపోయినా లోపలికి వచ్చి చూసుకునేదాకా తెలియలేదని మాటల్లో బయటపడింది. మోకాలి కింద తట్టితే కాలు మామూలు కంటే గట్టిగా ఎగిరిపడింది. అది కీళ్ల జబ్బు చేసే పని కాదు, వెన్నుపాము పెట్టే మొర. ఇలాంటివారిని పిడికిలి గబగబా మూసి తెరవమంటాను. ఆరోగ్యంగా ఉన్నవారు 10 సెకన్లలో 20 సార్లైనా చేయగలుగుతారు.

1979లో ఎముకల సర్జన్ రణావత్ ప్రతిపాదించిన వర్గీకరణ ఇక్కడ అక్కరకు వస్తుంది: లక్షణాలు లేనివారు మొదటి తరగతి, బలహీనత అనిపిస్తూ నరాల స్పందన పెరిగినవారు రెండో తరగతి, బలహీనత పరీక్షకు దొరుకుతున్నా నడవగలిగేవారు మూడు-ఏ, నడవలేనివారు మూడు-బి. మంచం పట్టాక ఆపరేషన్ చేసినా అప్పటికే పోయిన శక్తి తిరిగి రావడం చాలా తక్కువ, ప్రాణాపాయమూ ఎక్కువ. నడుస్తుండగానే ఎందుకు అని వాయిదా వేసే కుటుంబాలకు నేను చెప్పేది ఒక్కటే: నడవగలుగుతున్న ఈ రోజులే ఆపరేషన్‌కు తగిన సమయం.

ఖాళీ తగినంత ఉండి, నరాల లక్షణాలేవీ లేనివారికి మాత్రం ఆపరేషన్ తొందర లేదు. వారికి కాలర్ కంటే ముఖ్యమైనది మెథోట్రెక్సేట్ వంటి మందులను మానకుండా వాడి వాపును అదుపులో ఉంచడం, డాక్టర్ చెప్పిన గడువుకు ఎక్స్-రే మళ్లీ తీయించుకోవడం.

మెడకు బరువు కట్టి లాగించడం, నాటు మర్దన, క్షౌరశాలలో తల పట్టి మెడ టక్కుమనిపించడం, ఈ మూడింటినీ పోల్చవలసిన అవసరమే లేదు. పూసలు జారినవారు వాటి జోలికి పోకూడదు.

ఇక ఏ దారి ఎంచుకున్నా, మోకీలు మార్పిడికో మరో ఆపరేషన్‌కో వెళ్లేవారు మెడ ఎక్స్-రేలు వెంట తీసుకెళ్లి మత్తు డాక్టర్‌కు ముందుగానే చూపించాలి. గొంతులో గొట్టం వేయడానికి మామూలుగా తలను వెనక్కి వంచుతారు. మత్తులో కండరాల పట్టు కూడా సడలిపోతుంది. విషయం ముందే తెలిస్తే వారు మెడ కదలకుండా గొట్టం వేసే ఏర్పాటు చేసుకుంటారు.