క్యూబెక్–బోస్టన్ క్రూజ్ ప్యాకేజీ: ఊళ్లు సరే, గంటల మాటేమిటి?

మేపుల్ ఆకులు ఎర్రబడే సీజన్‌ కోసం సోమాజిగూడ, హిమాయత్‌నగర్ టూర్ ఆఫీసుల్లో దొరికే క్యూబెక్–బోస్టన్ ఏడు రాత్రుల క్రూజ్ ప్యాకేజీకి ఐదుకు మూడు ఇవ్వొచ్చు. కెనడా, అమెరికా వీసా ఫైళ్లు రెండూ ఓపిగ్గా సర్దిపెడతారు. జైన్ భోజనం కావాలంటే ముందే ఓడవాళ్లకు రాయిస్తారు. మార్కులు పోయింది షెడ్యూల్ దగ్గరే. బ్రోచర్‌లో కెనడా రేవులు షార్లెట్‌టౌన్, సిడ్నీ (ఆస్ట్రేలియాది కాదు), హాలిఫాక్స్ ఫొటోలతో సహా ఉంటాయి; ఓడ ఎన్నింటికి చేరి ఎన్నింటికి కదులుతుందో అడిగితే గానీ చెప్పరు.

ఈ దారిలో అసలు విషయం అదే. సెయింట్ లారెన్స్ సింధుశాఖలో రైట్ తిమింగలాలు తిరుగుతాయి. 2017లో కెనడా జలాల్లోనే 12 చచ్చిపోయేసరికి, ఓడలు వాటిని ఢీకొట్టకుండా అక్కడి ప్రభుత్వం 10 నాట్స్ వేగ పరిమితి పెట్టింది, అంటే గంటకు 18.5 కిలోమీటర్లు. కొన్ని ప్రాంతాల్లో సీజనంతా అదే వేగం. ఓడల దారిలోని మరికొన్ని చోట్ల తిమింగలం జాడ తెలిసినప్పుడే పరిమితి మొదలై 15 రోజులుంటుంది. కాబట్టి బుకింగ్ నాటి టైమింగ్స్‌కు ఏ ఏజెంటూ పూచీ పడలేడు. వేగ పరిమితి దాటితే జరిమానా రెండున్నర లక్షల కెనడా డాలర్ల దాకా ఉంటుంది. కెప్టెన్ ఆ సాహసం చేయడు.

లెక్క వేసి చూడండి. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. 300 నాటికల్ మైళ్లకు 18 నాట్స్‌తో 16 గంటల 40 నిమిషాలు పడుతుంది. అందులో 60 మైళ్లు 10 నాట్స్‌తో నడిస్తే 2 గంటల 40 నిమిషాలు ఆలస్యం. వేళకే చేరాలంటే మిగతా 240 మైళ్లు 22.5 నాట్స్‌తో పోవాలి. చాలా క్రూజ్ ఓడలకు అది దాదాపు గరిష్ఠ వేగం. వేగం రెట్టింపైతే ఇంజిన్ పవర్ సుమారు ఎనిమిది రెట్లు కావాలి. ఆ లెక్కన, నెమ్మదిగా నడిచిన చోట మిగిలిన ఇంధనం పోను, మొత్తం ప్రయాణంలో ప్రొపెల్లర్ల ఖర్చే 31 శాతం పెరుగుతుంది. ఏసీలకు, వంటగదులకు, లైట్లకు కాలేది వేరు. ఓడ రేవులో ఉన్నా అది ఆగదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆపేసిన జనరేటర్లను కూడా వేగం పెంచాలంటే మళ్లీ నడపాల్సిందే.

పైగా 2023 నుంచి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నిబంధనల ప్రకారం పెద్ద ఓడలకు కార్బన్ లెక్కల మీద ఏటా A నుంచి E దాకా గ్రేడ్ పడుతోంది. అన్నిటికన్నా కింది E గ్రేడ్ ఒక్క ఏడాది వచ్చినా, D వరసగా మూడేళ్లు వచ్చినా దిద్దుబాటు ప్లాన్ ఇచ్చుకోవాలి. ఇంత పెట్టుకుని ఇంధనం తగలేసి టైం పట్టుకోవడం ఏ కంపెనీకి ఇష్టం? కోత రేవులో గంటలకే పడుతుంది. తొమ్మిది గంటల హాల్ట్ ఆరవుతుంది, లేదా చిన్న ఊరే ఎగిరిపోతుంది. 2017లో ఆ సింధుశాఖ ఒడ్డునే ఉన్న గాస్పే రేవుకు కొన్ని క్రూజ్ ఓడలు రాకుండా పోయింది ఇలాగే.

రేవు మానేసినా టికెట్ డబ్బు వాపసు ఇవ్వనక్కర్లేదని కాంట్రాక్టులోనే ఉంటుంది. మామూలుగా పోర్టు ఫీజు వరకే తిరిగొస్తుంది. ఓడ దగ్గరే కొన్న సైట్‌సీయింగ్‌కు వాపసు ఉంటుంది. ఆఫీసువాళ్లు బయట మాట్లాడిన వ్యాన్‌కు ఆ హామీ లేదు, అందుకే క్యాన్సిలేషన్ షరతు రాతలో తీసుకోండి. ప్రతి రేవుకూ రాక, పోక వేళలు కూడా అడ్వాన్స్ కట్టకముందే రాయించుకోండి. బోస్టన్‌లో దిగిన పొద్దునే శంషాబాద్‌కు కనెక్షన్ ఫ్లైట్ వేస్తామంటే ఒప్పుకోవద్దు, సాయంత్రం తర్వాతిదే అడగండి.