చేతిలో ఐదు వేలు: రెడీమేడ్ మేలా, కుట్టించుకోవడం మేలా?

మా అక్క కూతురికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం చేతికి రావడానికి ఇంకా నెల ఉంది. అక్క ఇచ్చిన ఐదు వేలు పట్టుకుని మా ఇంటికొచ్చి, "పిన్నీ, కాలేజీ బట్టలతో ఆఫీసుకి ఎలా వెళ్లను? నెలంతా నీట్‌గా కనిపించేలా ఏదైనా చెప్పు" అంది. అప్పటికే ఫోన్‌లో పన్నెండు కుర్తాలు ఏరి పెట్టుకుంది, ఒక్కోటి 399 రూపాయలు. ఆ పన్నెండూ తీసేయించాను.

ధర తక్కువని తీసేయించలేదు. 399 కుర్తా అయినా ఒంటికి అమరితే అందంగానే ఉంటుంది. పన్నెండింటిలో ఎన్ని అమరుతాయో పార్సిల్ విప్పేదాకా తెలియదు. విప్పాక, తిరిగి పంపడానికి ఓపిక లేక "పర్లేదులే" అనుకుని వేసేసుకుంటాం. బీరువా నిండా అలాంటి "పర్లేదులే" బట్టలుంటే రోజూ పొద్దున్న ఏం వేసుకోవాలో తోచదు. అందుకే తనని కూర్చోబెట్టి, షాపులో రెడీమేడ్ కొంటే ఏంటి, బట్ట కొని కుట్టించుకుంటే ఏంటి అని లెక్క వేశాం.

రెడీమేడ్‌కి ఉన్న పెద్ద లాభం, వేసుకుని చూసి కొనుక్కోవచ్చు. అద్దంలో కనిపించిందే ఇంటికొస్తుంది. ట్రయల్ రూమ్‌లో అందరూ నడుము దగ్గర ఎలా ఉందో చూసుకుంటారు, నేను మాత్రం ముందు భుజం కుట్టు చూస్తాను. చెయ్యి అతికించిన కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర కూర్చోవాలి. అంగుళం కిందికి జారితే చాలు, ఎవరో పెద్దవాళ్ల బట్టలు అడిగి వేసుకున్నట్టు ఉంటుంది. నడుము, పక్కలు లూజుగా ఉంటే ఆల్టరేషన్ చేసేవాళ్లకి పది నిమిషాల పని. భుజం సరిచేయాలంటే చేతులు విప్పి, చంక మళ్లీ కత్తిరించి అతికించాలి. ఆ పనికి చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకున్నా కొత్తది కుట్టినంత అడుగుతారు. కాబట్టి భుజం సరిపోయిన సైజు తీసుకుని మిగతాది బిగించుకోవాలి. ఛాతీ దగ్గర బిగుతుగా ఉన్నదాన్ని మాత్రం ఎంత డిస్కౌంట్ ఇచ్చినా కొనకూడదు.

ఎందుకో చూపిద్దామని నా బట్టలే రెండు తీసి తిరగేశాను. రెడీమేడ్ కుర్తా లోపల పక్క కుట్టు దాటాక అర అంగుళం బట్ట కూడా లేదు, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి కోసేశారు. ఇక వదులు చేయడానికి ఏముంది? రెండోది మా వీధిలో టైలరమ్మ కుట్టిన నీలం మంగళగిరి కుర్తా. దాంట్లో అంగుళం పైనే లోపలికి వదిలి కుట్టింది. నేను ఒళ్లు చేసిన కొద్దీ రెండుసార్లు కుట్టు విప్పించుకున్నాను. పాత కుట్టు లోపల దాగి ఉన్న బట్ట ఎండ తగలక ముదురు నీలంగానే ఉంది, పక్కన సన్నని గీతలా కనిపిస్తుంది. చెయ్యి పైకెత్తి దగ్గరగా చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. ఆరేళ్లయింది, ఇప్పటికీ దాన్ని వేసుకున్న రోజున ఆఫీసులో ఎవరో ఒకరు "ఎక్కడ కొన్నారు?" అని అడుగుతారు.

మరి ఖర్చు? జనరల్‌ బజార్‌లో మొన్న మేం చూసిన మంగళగిరి కాటన్ మీటరు 220. పన్నా, అంటే బట్ట వెడల్పు, 44 అంగుళాలు ఉంది కాబట్టి మోకాళ్ల కిందికి వచ్చే కుర్తాకి రెండున్నర మీటర్లు చాలు, 550 అయింది. పన్నా తక్కువైతే బట్ట ఎక్కువ పడుతుంది, మీటరు ధర చూసి మురిసిపోయే ముందు అది అడగాలి. మా వీధిలో లైనింగ్ లేకుండా కుట్టుకూలి 350. మొత్తం 900. ఆ డబ్బుకి సేల్‌లో ఒకటిన్నర రెడీమేడ్ వస్తుంది. అయినా మెడ ఎంత లోతు ఉండాలో, చేతులు మోచేతి దాకానా, మణికట్టు దాకానా, చీలిక ఎక్కడ మొదలవ్వాలో అన్నీ మన ఇష్టం. జేబు కూడా పెట్టించుకోవచ్చు. మెట్రో కార్డు పెట్టుకోవడానికి మా పిల్ల అన్నింటికంటే ముందు అడిగింది అదే.

కుట్టించుకోవడంలో కష్టం లేదని చెప్పను. బట్టని తడపకుండా టైలర్‌కి ఇవ్వకూడదు. కాటన్ మొదటి నీళ్లకి కుదించుకుపోతుంది. ఒకసారి బంధువుల పెళ్లి తొందరలో నేను తడపకుండానే ఇచ్చాను, ఆ టైలర్ కూడా తడిపారా అని అడగలేదు. పెళ్లికి బాగానే ఉంది. ఒక్క ఉతుకుతో చేతులు పొట్టివైపోయాయి, చంకల దగ్గర పట్టేసింది. మంచి చిలకపచ్చ రంగు, మళ్లీ దొరకలేదు. ఇప్పుడు కొన్న రోజే బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెడతాను, నీడన ఆరేస్తాను. రంగు వదిలే రకమా కాదా అనేది కూడా అప్పుడే తెలిసిపోతుంది. కొలతలకి నోటిమాట సరిపోదు, బాగా అమరిన పాత కుర్తా ఒకటి ఆదికి ఇవ్వాలి. కొత్త టైలరైతే ముందు ఒక్కటే ఇచ్చి చూడాలి. మూడు బట్టలు ఒకేసారి ఇస్తే తప్పు కూడా మూడుసార్లు జరుగుతుంది.

బట్ట ఎంచుకోవడంలో కూడా మోసపోయే అవకాశం ఉంది. ఇక్కత్ అని చెప్పి ప్రింట్ అంటగడతారు. అసలు పోచంపల్లి పనిలో నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల్లో కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. ప్రింట్ అయితే తిరగేస్తే వెలవెలబోతుంది. 2005లోనే పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే) గుర్తింపు వచ్చింది, ఆ పేరు మీదే ఇంత వ్యాపారం. కాటన్ అని చెప్పినదాని మీద అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి ఇంట్లో వెలిగించి చూడండి. కాటన్ కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇంతా చెప్పి అన్నీ కాటన్‌వే కుట్టించమన్నానా అంటే, లేదు. ఆ పిల్ల ఉండేది ఎల్బీనగర్‌లో. రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో మారి, బ్లూ లైన్‌లో దుర్గం చెరువు దాకా వెళ్లాలి. ప్యూర్ కాటన్ కుర్తా ఎంత బాగా ఇస్త్రీ చేసినా, కూర్చుని లేచేసరికి ఒడి దగ్గర ముడతలు పడుతుంది. మీటింగ్ ఉన్న రోజుకీ, వానాకాలంలో బట్టలు ఆరని రోజులకీ, పాలిస్టర్ కొంచెం కలిసిన రెడీమేడ్ నిజంగా పనికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం దాన్ని వేసుకుని మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టలేం.

చీర సంగతి కూడా అడిగింది, ఆఫీసులో పండగ రోజులుంటాయి కదా. దానికి నా దగ్గర ఒకటే మాట: చీరకి తగ్గించి జాకెట్టుకి పెట్టు. అక్క బీరువాలో ఉన్న నారాయణపేట కాటన్ చీర చాలు. మ్యాచింగ్ సెంటర్‌లో మంచి జాకెట్టు ముక్క, లైనింగ్ తీసుకుని భుజాలు సరిగ్గా కూర్చునేలా కుట్టిస్తే, పక్కన ఐదు వేల చీర ఉన్నా దీని అందం దీనిదే. జీతం వచ్చాక ఆ పని చూద్దామని పక్కన పెట్టాం.

రెండిట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను కుట్టించుకోవడానికే ఓటేస్తాను, ఎక్కువ కాలం మన్నుతుంది, ఒంటితో పాటు మారుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకి మాత్రం రెండూ కలిపితేనే గట్టెక్కుతుంది. చివరికి ఇలా తేలింది. మంగళగిరి కుర్తాలు రెండు కుట్టించాం, లేత బూడిద రంగు ఒకటి, ముదురు ఎరుపు ఒకటి: 1800. భుజం సరిపోయిన రెడీమేడ్‌లు రెండు, 600 చొప్పున 1200, వాటి పక్కలు బిగించినందుకు 160. తెల్ల ప్యాంటు, నల్ల ప్యాంటు కలిపి 900. నాలుగు కుర్తాల మీదికీ వెళ్లే ఇక్కత్ చున్నీ ఒకటి, 450. మొత్తం 4510.

మిగిలిన 490తో ఇంకో కుర్తా కొనుక్కుంటానంది. వద్దన్నాను. వాళ్ల సందు చివర ఇస్త్రీ బండి దగ్గర జతకి 20 తీసుకుంటారు, ఆ డబ్బు 24 జతలకి వస్తుంది. అంటే పనిరోజులన్నిటికీ సరిపోతుంది.

ఇదంతా మేం ఆషాఢంలో చేశాం. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి షాపుల్లో డిస్కౌంట్లు, టైలరమ్మ చేతిలో తీరిక, రెండూ అప్పుడే దొరుకుతాయి. శ్రావణం మొదలైందంటే పట్టు జాకెట్ల కుప్ప కింద మన కాటన్ కుర్తా అడుక్కి వెళ్లిపోతుంది. మా పిల్లవి ఆరు రోజుల్లో చేతికొచ్చాయి.